రాత్రి భోజనం, పొద్దున కదలని కాళ్లు: వంశపారంపర్య పీరియాడిక్ పెరాలిసిస్‌లో తిండి, శ్రమల పాత్ర

అలిపిరి నుంచి తిరుమలకు నడకదారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. ఎక్కినవాళ్లకు మర్నాడు పిక్కలు పట్టేయడం, తొడలు నొప్పెట్టడం మామూలే. చాలా అరుదుగా కొందరికి వేరే సంగతి జరుగుతుంది. మెట్లన్నీ బాగానే ఎక్కుతారు, దర్శనం చేసుకుంటారు, రాత్రి కడుపునిండా తిని పడుకుంటారు. తెల్లవారుజామున లేవబోతే కాళ్లు కదలవు. స్పృహ ఉంటుంది, మాట స్పష్టంగా ఉంటుంది, గిల్లితే నొప్పి తెలుస్తుంది. తొడలు, నడుము దగ్గరి కండరాలు మాత్రం మాట వినవు. కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో ఏమీ జరగనట్టే లేచి నడుస్తారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు, లేదా నటన అనుకుంటారు. కుర్రాడి మీద, కొత్తకోడలి మీద ఆ రెండో ముద్ర పడితే చెరగడం చాలా కష్టం.

వైద్యులు దీన్ని పీరియాడిక్ పెరాలిసిస్ అంటారు. మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చే పక్షవాతానికీ దీనికీ సంబంధం లేదు. ఇందులో మెదడు బాగుంటుంది, నరాలు బాగుంటాయి. లోపమంతా కండరకణం పైపొరలో ఉండే సన్నని దారుల్లో, అంటే అయాన్ చానళ్లలో ఉంటుంది. పుట్టుకతో వచ్చే రకాల్లో ఎక్కువగా కనిపించే హైపోకెలీమిక్ రకం (రక్తంలో పొటాషియం తగ్గినప్పుడు వచ్చేది) కూడా సుమారు లక్షమందిలో ఒకరికే ఉంటుందని అంచనా. ఇంత అరుదైన జబ్బు గురించి ఇంత వివరంగా చెప్పుకోవడానికి కారణం ఒకటుంది. దీన్ని ఎక్కువగా రెచ్చగొట్టేవి మందులో, క్రిములో కాదు. అన్నం, చక్కెర, ఉప్పు, ఉపవాసం, పరుగు, ఆ పరుగు తర్వాతి విశ్రాంతి. అంటే రోజూ చేసే పనులే. పైగా ఒక రకానికి ప్రాణం పోసే పదార్థం ఇంకో రకాన్ని పడగొడుతుంది. రకం తేలకుండా "ఇది తిను, అది మానెయ్" అని ఎవరు చెప్పినా అది సలహా కాదు, ప్రమాదం.

విషయమంతా పొటాషియం చుట్టూ తిరుగుతుంది. ఒంట్లోని పొటాషియంలో సుమారు 98 శాతం కణాల లోపలే ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం కండరాల్లో. రక్తంతో కలిపి కణాల బయట ఉండేది 2 శాతమే. కండరాలు పెద్ద చెరువైతే రక్తం పక్కనున్న పిల్లకాలువ. చెరువులోకి కాస్త ఎక్కువ నీరు మళ్లినా కాలువ ఎండిపోతుంది, చెరువు నుంచి కాస్త పొంగినా కాలువ ఒరుసుకుని పారుతుంది. రక్తంలో లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ ఉండటం మామూలు. ల్యాబ్ రిపోర్టులో మిల్లీ ఈక్వివలెంట్స్ అని రాసినా అంకె అదే. ఈ అంకె కాస్త అటూఇటూ అయితే ఆరోగ్యవంతుడి కండరం తట్టుకుంటుంది. చానల్ లోపం ఉన్న కండరం తట్టుకోలేదు.

భోజనం చేశాక ఇన్సులిన్ పెరుగుతుంది. చక్కెరను కణాల్లోకి పంపే పనితోపాటు అది పొటాషియాన్ని కణాల్లోకి లాగే సోడియం పొటాషియం పంపును కూడా ఉసిగొల్పుతుంది, రక్తంలోని పొటాషియం కండరాల్లోకి పోతుంది. అన్నం, స్వీట్లు ఎంత ఎక్కువైతే ఇన్సులిన్ అంత ఎక్కువ. శ్రమ సంగతి దీనికి తిరుగుడు. కండరం పనిచేస్తున్నంతసేపూ పొటాషియం బయటికి వస్తూ ఉంటుంది, పని ఆపి కూర్చున్నాక తిరిగి లోపలికి పోతుంది. టెన్షన్ పడినప్పుడు ఊరే ఎడ్రినలిన్ కూడా దాన్ని లోపలికే తోస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇదంతా జరిగినట్టే తెలియదు.

హైపోకెలీమిక్ రకంలో రోగం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి లోపం సీఏసీఎన్ఏ1ఎస్ అనే కాల్షియం చానల్ జన్యువులోను, కొద్దిమందికి ఎస్‌సీఎన్4ఏ అనే సోడియం చానల్ జన్యువులోను ఉంటుంది. మొదటి జన్యువుతో సంబంధం 1994లో బయటపడింది. అయితే కాల్షియం చానల్ చెడితే పొటాషియం తగ్గినప్పుడు కండరం ఎందుకు పడిపోవాలన్నది చాలాకాలం ముడివిడని ప్రశ్నగానే ఉండిపోయింది. 2007 నుంచి జవాబు దొరకడం మొదలైంది. చానల్‌లో వోల్టేజీని పసిగట్టే భాగం దెబ్బతిన్నప్పుడు, అసలు దారి మూసి ఉన్నా ఆ పక్కనే సన్నగా లీకు ఏర్పడుతోంది. విశ్రాంతిలో ఉన్న కండరకణం లోపలి వోల్టేజీ సుమారు మైనస్ 85, 90 మిల్లీవోల్టులు. బయట పొటాషియం తగ్గితే మామూలు కణంలో అది ఇంకా కిందికి దిగుతుంది. లీకు ఉన్న కణంలో మాత్రం పొటాషియం ఒక హద్దు దాటి తగ్గగానే వోల్టేజీ ఎగబాకి మైనస్ 60 దగ్గర ఆగిపోతుంది. ఆ స్థితిలో సోడియం చానళ్లు తెరుచుకోవు. నరం నుంచి ఆజ్ఞ వస్తూనే ఉంటుంది, కండరం అందుకోలేదు.

రక్తంలో పొటాషియం పెరిగినప్పుడు వచ్చే హైపర్‌కెలీమిక్ రకం పూర్తిగా వేరు. దీన్ని 1956లో స్వీడన్‌కు చెందిన పిల్లల వైద్యురాలు ఇంగ్రిడ్ గామ్‌స్టోర్ప్ విడి జబ్బుగా వర్ణించారు. ఇందులో లోపం ఎస్‌సీఎన్4ఏ జన్యువులోనే. పొటాషియం కాస్త పెరగగానే సోడియం చానళ్లలో కొన్ని సరిగ్గా మూసుకోవు, సోడియం లోపలికి కారుతూనే ఉంటుంది. దాంతో కణం వోల్టేజీ పెరిగి మిగతా చానళ్లు కూడా మొరాయిస్తాయి. కారణాలు ఎదురెదురు దిక్కులవి, చివరికి కండరం పడిపోవడం ఒకటే. అందుకే మంచం పక్కన నిలబడి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇప్పుడు మళ్లీ మెట్లదారినే చూస్తే రెండు రకాల తేడా బాగా తెలుస్తుంది. హైపోకెలీమిక్ రకం ఉన్న మనిషి ఎక్కుతున్నంతసేపూ బాగానే ఉంటాడు, కండరాలు పొటాషియం బయటికి వదులుతున్నాయి కాబట్టి. పైకి చేరాక అన్నప్రసాదం, సాంబారు, చక్కెర పొంగలి, ఆపైన ఒక లడ్డూ, తర్వాత నిద్ర. శ్రమ తర్వాతి విశ్రాంతి, చక్కెర, ఉప్పు, నిద్ర నాలుగూ కలిసి పొటాషియాన్ని లోపలికి లాగుతాయి. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంటుంది, డిసెంబరు, జనవరి నెలల్లో చలి తోడవుతుంది. ఫలితం రాత్రి రెండో సగంలోనో, తెల్లవారాకో బయటపడుతుంది. ఈ ఆలస్యమే అందరినీ తికమక పెడుతుంది. పొద్దున కాళ్లు పడిపోతే నిన్న మధ్యాహ్నం ఎక్కిన మెట్లను, రాత్రి తిన్న పొంగలిని ఎవరు గుర్తుచేసుకుంటారు?

హైపర్‌కెలీమిక్ రకం ఉన్నవాళ్ల కథ అదే రోజు, అదే దారిలో వేరుగా నడుస్తుంది. వైకుంఠ ఏకాదశి అనుకుందాం. ఉపవాసంతో మెట్లెక్కి, క్యూ కాంప్లెక్స్‌లో చల్లటి నేల మీద కూర్చుంటారు. నీరసంగా ఉందని ఎవరో ఒక టెంకాయ బోండాం, రెండు అరటిపండ్లు ఇస్తారు. ఒక గ్లాసు లేత టెంకాయ నీళ్లలో సుమారు అరగ్రాము పొటాషియం ఉంటుంది, ఒక మోస్తరు అరటిపండులో సుమారు 400 మిల్లీగ్రాములు. శ్రమ తర్వాత కూర్చోవడం, ఖాళీ కడుపు, చలి, పొటాషియం అన్నీ కలిశాయి. కూర్చున్న పావుగంట, ఇరవై నిమిషాలకే కాళ్లు బరువెక్కి లేవలేకపోతారు. ఈ రకంలో దెబ్బ త్వరగా తగులుతుంది, సాధారణంగా త్వరగానే పోతుంది. పావుగంట నుంచి గంట, కొందరిలో నాలుగు గంటల దాకా. ఇలాంటప్పుడు మొదట్లోనే ఒక తీపి పదార్థం నోట్లో వేసుకుని మెల్లగా అటూఇటూ నడిస్తే చాలామందిలో అది ముదరకుండా ఆగిపోతుంది. ఒకరిని పడగొట్టిన లడ్డూ ఇక్కడ మందు. అక్కడ మేలు చేయగల టెంకాయ నీళ్లు ఇక్కడ కీడు.

రెండింటికీ కలిసే మాట ఒకటుంది. వ్యాయామం చేయడం వల్ల కంటే దాన్ని ఒక్కసారిగా ఆపేయడం వల్లే ఎక్కువ ముప్పు. పోలీసు, ఆర్మీ ఉద్యోగాల కోసం పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లను చూడండి. 1,600 మీటర్లు శక్తికొద్దీ పరిగెత్తి, గ్రౌండ్‌లోనే కూలబడి, ఇంటికెళ్లి పెద్ద ప్లేటు ఇడ్లీ, పొంగల్ తిని పడుకుంటారు. ఈ జబ్బు ఉన్న కుర్రాడికి ఇంతకంటే చెడ్డ వరస లేదు. పరుగు చివర పదిహేను ఇరవై నిమిషాలు మెల్లగా నడిచి, వేగం క్రమంగా తగ్గించుకుని అప్పుడు కూర్చుంటే ముప్పు చాలావరకు తగ్గుతుంది. జబ్బు పేరు వినగానే పిల్లల్ని ఆటలు మాన్పించి కూర్చోబెట్టడం కూడా సరికాదు. మితమైన, రోజూ ఒకే తీరులో చేసే కదలిక కండరాలకు మంచిదే.

ఇక తిండి. చిత్తూరు వైపు రాగిసంగటి ముద్ద, పులుసు, మీదట ఏదైనా తీపి అంటే భోజనం పూర్తయినట్టు. రాగి మంచి ధాన్యమే, కానీ సంగటిలో ఉండేది ఎక్కువగా పిండిపదార్థమే. హైపోకెలీమిక్ రకం ఉన్నవాళ్లకు సమస్య సంగటి కాదు, ఒక్కపూటలో తినే పరిమాణం. రెండు పెద్ద ముద్దలు రాత్రి తొమ్మిదింటికి తిని పడుకోవడానికీ, అదే తిండిని చిన్న పూటలుగా, పప్పు, గుడ్డు, కూరగాయలతో కలిపి, రాత్రి పూట బాగా తగ్గించి తినడానికీ చాలా తేడా ఉంటుంది. ఊరగాయ, అప్పడం, నిల్వ చిరుతిళ్లలోని ఉప్పు తగ్గించుకోవడం వీళ్లకు చక్కెర తగ్గించుకోవడమంత ముఖ్యం. మద్యం కూడా దాడిని, అంటే ఇలా కండరాలు పడిపోవడాన్ని తెస్తుంది. పెళ్లి విందు, జాతర, సంక్రాంతి మర్నాటి ఉదయాలు వీళ్లకు ఎక్కువ గండం. హాస్టల్ పిల్లల సంగతి మరీ జాలి కలిగిస్తుంది. ఈ రకం జబ్బు మొదటిసారి బయటపడేది ఎక్కువగా పదేళ్లకూ ఇరవై ఏళ్లకూ మధ్య. తిరుపతి చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీల్లో ఉండేది సరిగ్గా ఆ వయసు పిల్లలే. మూడు పూటలా అన్నం, పరీక్షల టెన్షన్, ఆదివారం బిరియానీ. సోమవారం పొద్దున మంచం దిగలేని పిల్లవాడిని బద్ధకస్తుడని అరిచే ముందు, ముందురోజు ఏం తిన్నాడో ఒక్కసారి అడగడం పెద్దవాళ్ల బాధ్యత.

హైపర్‌కెలీమిక్ రకంలో జాగ్రత్తలు తలకిందులవుతాయి. పూట తప్పించకూడదు, పొద్దున్నే ఏదో ఒకటి తినాలి, కఠిన ఉపవాసాలు పెట్టుకోకూడదు. పొటాషియం ఎక్కువున్న పండ్లరసాలు, టెంకాయ నీళ్లు తగ్గించాలి. అన్నిటికంటే తెలియకుండా దెబ్బతీసేది బీపీ ఉన్నవాళ్ల కోసం అమ్మే తక్కువ సోడియం ఉప్పు. అందులో మామూలు ఉప్పు కొంత తీసేసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. తాతకు బీపీ ఉందని వంటింట్లో ఉప్పు మార్చితే మనవడి కాళ్లు పడిపోవచ్చు. ఈ రకం చాలామందిలో పదేళ్లలోపే మొదలవుతుంది. పిడికిలి బిగిస్తే వేళ్లు వెంటనే తెరుచుకోకపోవడం, చలికి ముఖం, నాలుక బిగుసుకుపోవడం వంటివి కనిపిస్తే అనుమానం ఇటువైపు మొగ్గాలి.

వీటన్నిటికంటే ఎక్కువ గట్టిగా చెప్పాల్సింది గ్లూకోజ్ సీసా గురించి. పల్లెలోనైనా, టౌన్‌లోనైనా కాళ్లు చేతులు ఆడటం లేదంటే ముందు జరిగేది దగ్గరున్న ఆర్ఎంపీ చేత సెలైన్ పెట్టించడం. ఆ సెలైన్ చాలాసార్లు గ్లూకోజ్ కలిసిన డీఎన్ఎస్. అర లీటరు సీసాలో 25 గ్రాముల గ్లూకోజ్, 4.5 గ్రాముల ఉప్పు ఉంటాయి. హైపోకెలీమిక్ రకంలో దాడిని తెచ్చే రెండు పదార్థాలనూ నేరుగా రక్తంలోకి ఎక్కించినట్టే. ఇన్సులిన్ పెరుగుతుంది, మిగిలిన కాస్త పొటాషియం కూడా కండరాల్లోకి పోతుంది, చేతులు మాత్రమే కదులుతున్న మనిషికి అవి కూడా పడిపోతాయి. ఒళ్లునొప్పులని వేసే డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఇంజెక్షను, ఆయాసమని పెట్టే సాల్బుటమాల్ నెబులైజర్ కూడా ఈ రకంలో పొటాషియాన్ని ఇంకా దించగలవు. పెట్టినవాళ్లు మంచి మనసుతోనే పెడతారు, అయినా అపకారం జరుగుతుంది.

సరైన వరస ఇది. ముందు రక్తంలో పొటాషియం చూడాలి, ఈసీజీ తీయాలి. పొటాషియం తగ్గితే ఈసీజీలో యూ వేవ్‌లు కనిపిస్తాయి, పెరిగితే టీ వేవ్‌లు నిటారుగా సూదిలా లేస్తాయి. రిపోర్టు రాకముందే ఈసీజీ ఒక దారి చూపించగలదు. తక్కువ అని తేలితే, మింగగలిగిన మనిషికి పొటాషియం నోటి ద్వారా ఇవ్వడమే మేలు. నరం ద్వారా ఇవ్వక తప్పకపోతే గ్లూకోజ్‌లో కలపకుండా, మానిటర్ పెట్టి మెల్లగా ఇస్తారు, ఇందుకు మానిటాల్ ద్రావణాన్ని ఎంచుకుంటారు. తొందరపడి ఎక్కువ ఇచ్చినా చిక్కే. ఈ జబ్బులో పొటాషియం ఒంట్లోంచి బయటికి పోలేదు, చోటు మారింది అంతే. దాడి తగ్గుతున్నప్పుడు లోపలికి పోయింది తిరిగి రక్తంలోకి వస్తుంది. దానికి మనం ఎక్కించింది కూడా కలిస్తే అంకె ప్రమాదకరంగా పెరిగి గుండె లయ తప్పవచ్చు. అందుకే ఇంట్లో పొటాషియం సిరప్ దగ్గర పెట్టుకుని అంచనాతో తాగడం, డాక్టరు ఇచ్చిన మోతాదు దాటడం చేయకూడదు. శ్వాస కష్టమైనా, మింగడం కష్టమైనా, గుండె దడదడలాడినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికే పోవాలి.

పొటాషియం తగ్గి కాళ్లు పడిపోయిన ప్రతివారిదీ వంశపారంపర్యం కాదు. ఈ మాట చెప్పకపోతే వ్యాసం తప్పుదారి పట్టిస్తుంది. మన దేశంలో ఇలా వచ్చేవాళ్లలో కిడ్నీ నుంచి పొటాషియం కారిపోయే డిస్టల్ రీనల్ ట్యూబ్యులర్ ఎసిడోసిస్, థైరాయిడ్ ఎక్కువ పనిచేయడం, వాంతులు విరేచనాలు వంటి కారణాలు గణనీయంగా ఉంటాయి. థైరాయిడ్ వల్ల వచ్చే రకం ఆసియా మగవాళ్లలో, ఇరవై నలభై ఏళ్ల మధ్య ఎక్కువ. అదీ పెద్ద భోజనం తర్వాత, కష్టపడి విశ్రాంతి తీసుకున్నాకే వస్తుంది, అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. కానీ థైరాయిడ్‌కు వైద్యం చేస్తే మళ్లీ రాదు. ఇరవై అయిదేళ్లు దాటాక మొదటిసారి వచ్చిందంటే ముందు వెతకాల్సింది ఈ కారణాలనే. గులియన్ బారే వంటి నరాల జబ్బు కూడా కాళ్ల నుంచే మొదలవుతుంది, దాన్ని ఇదే అనుకుని ఇంట్లో వేచి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

మేనరికం వల్లే ఇలాంటివి వస్తాయని మన వైపు గట్టి నమ్మకం. కొన్ని జన్యు జబ్బుల విషయంలో అది నిజం, ఇక్కడ మాత్రం కాదు. తల్లి నుంచో తండ్రి నుంచో లోపమున్న జన్యువు ఒక్కటి వచ్చినా చాలు, ఒక్కో బిడ్డకూ అది అందే అవకాశం సగానికి సగం. బయటి సంబంధం చేసుకున్నా ఈ లెక్క మారదు. ఇంకో మెలిక ఏమిటంటే, హైపోకెలీమిక్ రకం జన్యువు ఉన్న ఆడవాళ్లలో కొందరికి ఎప్పుడూ దాడి రాదు, వచ్చినా తేలిగ్గా పోతుంది. తల్లి ఆరోగ్యంగా ఉంది, కొడుక్కి వచ్చింది, కాబట్టి వంశపారంపర్యం కాదని తేల్చేయడం తప్పు. మేనమామకో, తల్లి తరఫు తాతకో చిన్నతనంలో కాళ్లు పడిపోయేవా అని అడిగితే పాత కథలు బయటికి వస్తాయి. స్పృహ తప్పి పడిపోవడం, గుండెదడ కూడా ఉన్న కుటుంబంలో కేసీఎన్‌జే2 జన్యువు లోపంతో వచ్చే ఆండర్సన్ తవిల్ సిండ్రోమ్‌ను తప్పక చూడాలి, అందులో కండరాల కంటే గుండె లయకే ముప్పు ఎక్కువ.

నిర్ధారణకు దాడి జరుగుతున్నప్పుడు తీసిన పొటాషియం రిపోర్టే అన్నిటికంటే విలువైనది. రెండు రోజులు పోయాక తీస్తే మామూలుగానే ఉంటుంది. చిటికెనవేలి దగ్గరి చిన్న కండరం చేత 5 నిమిషాలు పని చేయించి, తర్వాత విశ్రాంతిలో ముప్పావుగంట దాకా దాని విద్యుత్ స్పందన కొలిచే పరీక్ష 1986 నుంచి వాడుకలో ఉంది. గ్లూకోజ్, ఇన్సులిన్ ఇచ్చి దాడిని కావాలని తెప్పించే పాత పద్ధతి ప్రమాదకరం, దాన్ని ఇప్పుడు చాలావరకు వదిలేశారు. రక్తంతో చేసే జన్యు పరీక్ష రకాన్ని తేల్చగలదు, అయితే లక్షణాలు స్పష్టంగా ఉన్నా కొందరిలో ఏ మార్పూ దొరకదు. తిరుపతిలో స్విమ్స్, రుయా, చిత్తూరువాళ్లకు దగ్గరలో వెల్లూరు సీఎంసీ ఉన్నాయి కాబట్టి ఈ ప్రాంతం వాళ్లు న్యూరాలజిస్టును చేరుకోవడం మరీ దూరాభారం కాదు. వెళ్లేటప్పుడు తీసుకెళ్లాల్సింది ఒక నోటుబుక్కు. దాడి మొదలైన వేళ, అంతకు ముందు 24 గంటల్లో ఏం తిన్నారు, ఎంత శ్రమ పడ్డారు, ఎప్పుడు కూర్చున్నారు, నిద్ర ఎంత, ఏ ఇంజెక్షన్ వేయించుకున్నారు. నాలుగైదు దాడుల వివరాలు ఇలా రాసి ఉంటే జన్యు పరీక్ష రాకముందే రకం గురించి డాక్టరుకు ఒక అంచనా వస్తుంది.

దాడులను తగ్గించడానికి అసెటజోలమైడ్ దశాబ్దాలుగా వాడుతున్నారు. అదే కుటుంబానికి చెందిన డైక్లోర్‌ఫెనమైడ్‌ను 2015లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ జబ్బుకు ఆమోదించింది. సోడియం చానల్ లోపంతో హైపోకెలీమిక్ రకం వచ్చిన కొందరికి అసెటజోలమైడ్ వల్ల దాడులు ఎక్కువ కావచ్చు, రకం తేలాలనడానికి ఇది ఇంకో కారణం. ఈ మందుతో కిడ్నీలో రాళ్లు పడే అవకాశం కూడా ఉంది. రాయలసీమ ఎండల్లో పనిచేసేవాళ్లు నీళ్లు బాగా తాగాలి. ఏదైనా ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఉపవాసం, గ్లూకోజ్ డ్రిప్, కండరాలను సడలించే కొన్ని మందులు మూడూ ఆపరేషన్ టేబుల్ దగ్గరే ఎదురవుతాయి.

వయసు పెరిగేకొద్దీ దాడులు తగ్గుతాయి, దాంతో చాలామంది మందులూ జాగ్రత్తలూ మానేస్తారు. కానీ నలభై, యాభై దాటాక కొందరిలో దాడులతో సంబంధం లేకుండానే తొడలు, నడుము కండరాలు శాశ్వతంగా బలహీనపడతాయి. కింద కూర్చుని లేవడం, మెట్లెక్కడం కష్టమవుతుంది. ఇది వయసు వల్ల వచ్చిన నీరసం కాదు, జబ్బులో భాగమే. దాడులు ఆగిపోయినవాళ్లు కూడా తొడల బలం పరీక్షించుకోవడానికి న్యూరాలజిస్టు దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్తూ ఉండాలి.